మద్రాసు ట్రాంబండి ఎందుకు ఆగిపోయింది

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం, కరెంటు శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి తమ్ముడూ, మైకులో గాలి శబ్దమే ఎక్కువ వస్తోంది. చాలు, అంతే.

నన్ను పిలిచినాయన రైళ్ళ గురించి ఏదైనా చెప్పండి సార్ అన్నాడు. రైళ్ళ గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను ట్రాం గురించి, అంటే ఊళ్ళో రోడ్డు మీదే వేసిన పట్టాల మీద నడిచే బండి గురించి, చెబుతానన్నాను. ఆయన మొహం చూస్తే ట్రాం గురించి ఎవరు వింటారు సార్ అన్నట్టే ఉంది. సరే, ఈ హాల్లో మద్రాసు ట్రాం ఎక్కిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. కలకత్తాది కాదండీ, మద్రాసుది. ఒక్కరు... అమ్మా, మీరా? ఎన్నేళ్ళప్పుడు? ఐదేళ్ళప్పుడా, వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చుని. చాలమ్మా, మాకు సాక్షి దొరికింది. నేను తప్పు చెబితే ఆపండి.

నేను ఎక్కలేదు. నేను పుట్టేటప్పటికే పట్టాలు పోయాయి. ఎక్కింది మా తాత. ఆయన కొత్వాల్ చావిడిలో ఒక కూరగాయల మండీలో గుమాస్తా. నెల్లూరు జిల్లా నుంచి మద్రాసు పోయి బతికిన వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు కదా, అలాంటి మనిషి. నడుస్తున్న ట్రాం ఎలా దిగాలో ఆయన మాకు ఇంట్లో అరుగు మీద నుంచి దిగి చూపించేవాడు. బండి పోయే వైపే మొహం పెట్టి దిగాలిరా, దిగాక రెండడుగులు బండితో పాటే పరిగెత్తాలి, వెనక్కి తిరిగి దిగావో వెల్లకిలా పడతావు అనేవాడు. నేను ఇంజనీరింగ్‌లో జడత్వం పాఠం చదివేటప్పుడు, ఇది తాత అరుగు మీద చెప్పిందే కదా అనుకున్నాను.

సరే, కథలోకి వస్తాను. 1895 మే 7. మద్రాసులో ఎలక్ట్రిక్ ట్రాం మొదలైన రోజు. మన దేశంలో అదే మొదటి ఎలక్ట్రిక్ ట్రాం. కలకత్తా కాదు, బొంబాయి కాదు. ఈ మాట చెబితే కలకత్తా వాళ్ళు ఒప్పుకోరు, ఎందుకంటే వాళ్ళకి 1873 లోనే ట్రాం ఉంది. ఉంది, కానీ దాన్ని లాగింది గుర్రాలు. బొంబాయిలోనూ 1874 నుంచి గుర్రాలే. కలకత్తా కరెంటుకి మారింది 1902 లో, బొంబాయి 1907 లో. అంతెందుకు, లండన్‌లో కరెంటు ట్రాం మామూలుగా తిరగడం మొదలైంది 1901 లో. లండన్ కంటే ఆరేళ్ళు ముందు మన మద్రాసులో తిరిగిందండీ!

ఇంకోటి ఆలోచించండి. 1895 లో మద్రాసులో ఇళ్ళకి కరెంటు ఉందా? లేదు. వీధి దీపాలు? కిరసనాయిలువి. ఊరికి కరెంటు సరఫరా రావడానికి ఇంకా పదేళ్ళ పైనే పట్టింది. అంటే మద్రాసులో మామూలు మనిషి కరెంటు బల్బు చూడక ముందు కరెంటు బండి చూశాడు. ట్రాం కంపెనీ తన కరెంటు తనే తయారు చేసుకోవాలి, వేరే గతి లేదు. అప్పట్లో ఈ బండ్లకి మామూలుగా ఐదొందల వోల్టుల చుట్టుపక్కల డీసీ, అంటే ఒకే దిక్కుకి పారే కరెంటు, వాడేవాళ్ళు. నేను కరెంటు శాఖలో ఇన్నేళ్ళు చేశాను, ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. గుర్రపు జట్కా, ఒంటెద్దు బండి, తలమీద గంపతో పోయే మనిషి, వాళ్ళ మధ్యలోంచి లాగేది ఏమీ కనపడకుండా ఒక బండి గంట కొట్టుకుంటూ పోతోంది.

లాగేది ఏమీ కనపడకుండా అన్నాను చూశారా, అక్కడే ఉంది అసలు తిరకాసు. పైన తీగ కూడా లేదు! మనం ఫొటోల్లో చూసే ట్రాంకి నెత్తి మీద ఒక కర్ర ఉంటుంది, అది తీగని తాకుతూ పోతుంది. మద్రాసులో మొదట అలా పెట్టలేదు. కరెంటుని నేల కిందకి దించారు.

ఎలా అంటే, పట్టాలతో పాటు రోడ్డు కింద ఒక చిన్న కాలవ లాంటిది కడతారు. అందులో కరెంటు పారే ఇనప కడ్డీ ఉంటుంది. కాలవకి పైన మూత, మూతలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సన్నటి చీలిక. బండి కడుపు కింద నుంచి ఒక పలక ఆ చీలికలోకి దిగి, కడ్డీని రాసుకుంటూ పోతూ మోటారుకి కరెంటు అందిస్తుంది. చూడ్డానికి చాలా శుభ్రం. స్తంభాలు లేవు, తీగలు లేవు, ఊరి అందం చెడదు. బుడాపెస్ట్ లాంటి ఊళ్ళలో ఈ పద్ధతి బాగానే నడిచింది.

నెల్లూరు వాళ్ళకి నేను ఇంక వివరించాలా? చెప్పండి. రోడ్డు మధ్యలో కాలవ, దాని మూతలో చీలిక, లోపల లైవు కడ్డీ. అక్టోబరు వచ్చింది. ఏమవుతుంది?

అంతే, మీరే చెప్పేశారు. మనకీ మద్రాసుకీ ఒకే వాన కదా. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండం, రాత్రికి రాత్రే మోకాటి లోతు నీళ్ళు. కాలవ నిండింది. వాన నీళ్ళు ఒక్కటే అయితే తోడి పారేయొచ్చు, దాంతో పాటు రోడ్డు మీది మట్టి, గడ్డి, పేడ, అన్నీ చీలికలోంచి లోపలికి పోతాయి. కడ్డీ నుంచి నేలకి కరెంటు లీకేజీ. నీళ్ళు తీసేసినా బురద తడి పోదు, లీకేజీ ఆగదు. సబ్‌స్టేషన్‌లో ఒక్క కేబుల్ ట్రెంచిలోకి నీళ్ళు దిగితేనే మాకు రాత్రంతా టెన్షన్‌గా ఉండేది, ఊరి పొడుగునా ట్రెంచి పెట్టుకున్న వాళ్ళ గతి ఊహించండి.

అయ్యో పాపం, ముందు తెలీదు కదా అంటారేమో. తెలుసండీ. ఇంగ్లండులో బ్లాక్‌పూల్ అని సముద్రం ఒడ్డున ఒక ఊరుంది. అక్కడ 1885 లోనే ఈ పద్ధతి పెట్టారు. ఇసక, ఉప్పునీళ్ళు కాలవలోకి పోయి నానా అవస్థా పడ్డారు, చివరికి 1899 లో పైతీగకి మారారు. మద్రాసు ఎక్కడుంది? సముద్రం ఒడ్డునే! లండన్‌లో డ్రాయింగు గీసిన మహానుభావుడు అక్టోబరులో ఒక్కసారి మద్రాసు వచ్చి ప్యారీస్ కార్నర్ దగ్గర నిలబడి ఉంటే ఆ కాలవ తవ్వేవాడు కాదని నా అనుమానం.

ఆ వానల దెబ్బకి మద్రాసు కూడా పైతీగకి మారింది. మొదటి కంపెనీ ఆ ఖర్చులకి నిలబడలేకపోయింది. కంపెనీ చేతులు మారింది, చివరికి మద్రాస్ ఎలక్ట్రిక్ ట్రాంవేస్ (1904) లిమిటెడ్ అని కొత్త పేరు పెట్టుకుని స్థిరపడింది. పేరులోనే ఏడాది ఉంది చూశారా? సినిమావాళ్ళు పాత సినిమాని మళ్ళీ తీసి పేరు పక్కన ఏడాది తగిలించినట్టు. ఇది అసలుది కాదు బాబూ, రెండోసారిది అని తన పేరులోనే ఒప్పుకున్న కంపెనీ.

ఆ తర్వాత మాత్రం బాగా నడిచింది. చాలా బాగా నడిచింది. ప్యారీస్ కార్నర్, మౌంట్ రోడ్డు, సెంట్రల్ ముందు నుంచి పూనమల్లి రోడ్డు, రిప్పన్ బిల్డింగు, చాకలిపేట, రాయపురం, ఇటు మైలాపూరు. రేవు నుంచి ఊళ్ళోకి సరుకులు కూడా తెచ్చేది. 1921 నాటికి 97 బండ్లు, 24 కిలోమీటర్ల పట్టాలు. 24 కిలోమీటర్లంటే ఇక్కడి నుంచి గూడూరు దాకా కూడా రాదు, చిన్న కంపెనీయే. కానీ ఆ 97 ఒకేసారి రోడ్డెక్కితే పావు కిలోమీటరుకి ఒక బండి చొప్పున లెక్క తేలుతుంది. ఒకటి పోతే ఇంకోటి. పరిగెత్తాల్సిన పని లేదు. అయినా మా తాత పరిగెత్తే ఎక్కేవాడు, అది వేరే సంగతి.

ఇది మద్రాసు కథ, మనకెందుకు అనుకునే వాళ్ళు ఉండొచ్చు. అప్పుడు మద్రాసు మనది కూడా కదండీ. పరీక్ష రాయాలంటే మద్రాసు, హైకోర్టు అంటే మద్రాసు, పుస్తకం అచ్చు వేయించాలంటే మద్రాసు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికని బొంబాయి నుంచి మద్రాసు తెచ్చి 1914 లో దినపత్రిక చేశారు. ఆఫీసు తంబుచెట్టి వీధిలో, ప్యారీస్ కార్నర్‌కి కూతవేటు దూరం. ఆయన ఇల్లు శ్రీబాగ్, మైలాపూరు లజ్ దగ్గర. 1937 లో కోస్తా వాళ్ళూ రాయలసీమ వాళ్ళూ కూర్చుని ఒప్పందం చేసుకున్న ఇల్లు అదే. పంతులుగారు ట్రాం ఎక్కారని నేను అనడం లేదు, ఆయనకి కారు ఉండే ఉంటుంది. కానీ ప్యారీస్ నుంచి మైలాపూరు దాకా, ఆ రెండు కొసల మధ్య తిరిగిన వేలమంది తెలుగు గుమాస్తాలు, కంపోజిటర్లు, కాలేజీ కుర్రాళ్ళు దేని మీద తిరిగారు? దీని మీదే.

మరి ఇంత బాగా నడిచేది ఎందుకు పోయింది? ఎవర్ని అడిగినా బస్సులొచ్చాయి, ట్రాంలు పోయాయి, అది ప్రోగ్రెస్సండీ అంటారు. నేను ఒప్పుకోను. జనం ఎక్కడం మానేస్తే పోయిందంటే సరే అంటాను. జనం మానలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ ఉండగానే ఆగిపోయింది. నేను ఈవేళ చెప్పదలుచుకుంది అసలు ఇదే, మిగతాదంతా దీని కోసం చెప్పిన ఉపోద్ఘాతం.

లెక్క చూడండి. ట్రాం కంపెనీ అంటే ఏమిటి? పట్టాలు తనవి, తీగలు తనవి, స్తంభాలు తనవి, బండ్లు తనవి. అన్నీ తనే కొనాలి, తనే బాగుచేసుకోవాలి. అంతటితో పోతుందా? పోదు. ఇంగ్లండులోనూ మన దేశంలోనూ ట్రాం కంపెనీలకి మామూలుగా ఒక షరతు పెట్టేవాళ్ళు. పట్టాల మధ్య ఉన్న రోడ్డు, పట్టాలకి అటూ ఇటూ కొంత రోడ్డు కంపెనీయే బాగుచెయ్యాలి. గుర్రాల కాలంలో పెట్టిన షరతది. గుర్రాలు డెక్కలతో రోడ్డు పాడుచేస్తాయి కాబట్టి పాడుచేసినవాడే బాగుచెయ్యాలి, అప్పుడు న్యాయమే. గుర్రం పోయింది, కరెంటు వచ్చింది, షరతు మాత్రం పోలేదు. మన ఆఫీసుల్లో చూడమా, ఎప్పటిదో రూలు, దాని కారణం ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, రూలు మాత్రం చిరంజీవి.

ఇప్పుడు బస్సు వచ్చింది. బస్సువాడికి ఏం కావాలి? ఒక బస్సు, పెట్రోలు, ఒక డ్రైవరు. రోడ్డు ఎవరిది? ఊరిది. కొంత ట్రాం కంపెనీ బాగుచేసి పెట్టింది. ట్రాం స్టాపు దగ్గర జనం నిలబడి ఉంటే వాడు రెండు నిమిషాలు ముందొచ్చి ఎక్కించుకుపోతాడు. ఎక్కడ లాభం ఉంటే అక్కడ తిప్పుతాడు, లేకపోతే రేపు ఇంకో వీధి. ట్రాం పక్క వీధిలోకి పోగలదా? ఎదురుగా ఒక ఎద్దుబండి ఇరుసు విరిగి ఆగిపోతే పక్కకి తప్పుకునే గతి కూడా లేదు దానికి. అంటే ఒకడు ఇల్లు కట్టి, వాకిలి ఊడ్చి, ముగ్గేసి కూర్చుంటే ఇంకోడు వచ్చి ఆ వాకిట్లో కొట్టు పెట్టుకున్నట్టు.

కంపెనీ ఊరికే కూర్చోలేదు. 1925 లో తనే బస్సులు తిప్పి చూసింది, 1928 కల్లా మానేసింది. తర్వాత యుద్ధం. పెట్రోలుకి రేషను, బస్సులకి వెనక బొగ్గు కుంపటి కట్టి ఆ గ్యాసుతో నడిపిన రోజులు. అమ్మా మీకు గుర్తుందా? మీరు మరీ చిన్నపిల్లలు, ఉండదులెండి. 1942 ఏప్రిల్లో విశాఖ మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి, మద్రాసు సగం ఖాళీ అయింది, మళ్ళీ నిండింది. పెట్రోలు లేనప్పుడు పెట్రోలు అక్కర్లేని బండికి గిరాకీ కదా. మా తాత మాటల్లో చెప్పాలంటే, ఆ రోజుల్లో ట్రాంలో ఒక కాలు పెట్టడానికి చోటు దొరికితే రెండోది ఇంటికి వెళ్ళి పెట్టుకోవాలి. అంత జనం. మోటార్లు అరిగాయి, పట్టాలు అరిగాయి, చక్రాలు అరిగాయి. యుద్ధం మధ్యలో ఇంగ్లండు నుంచి సామాను ఎవడు పంపుతాడు? నేను మెయింటెనెన్స్ చేసిన వాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఇది బయటికి కనపడని జబ్బు. బండి నడుస్తున్నట్టే ఉంటుంది. లోపల అప్పు పేరుకుపోతూ ఉంటుంది. ఏదో ఒక రోజు అన్నీ ఒకేసారి మార్చాలి, ఆ రోజుకి డబ్బు ఉండదు.

ఆ రోజు స్వతంత్రం వచ్చాక వచ్చింది. అదే సమయంలో, 1947 తర్వాత, మద్రాసు ప్రభుత్వం సిటీ బస్సులు తనే నడపడం మొదలుపెట్టింది. ఇక్కడ కొంచెం ఆగండి. ట్రాం కంపెనీకి పోటీ ఎవరు? ప్రభుత్వం. ఆదుకోవాలో వద్దో తేల్చేది ఎవరు? ప్రభుత్వం. నేను ఎవర్నీ తప్పు పట్టడం లేదు, కొత్తగా వచ్చిన ప్రభుత్వానికి వంద బాధలు. అరిగిపోయిన పట్టాల మీద, అదీ తెల్లవాళ్ళ కంపెనీ మీద డబ్బు పోయడానికి ఎవరికి మనసొప్పుతుంది? కానీ బస్సు గెలిచింది అనేటప్పుడు ఆటలో అంపైరు ఎవరి జట్టులో ఆడాడో కూడా చెప్పాలి కదా.

1950 కల్లా కంపెనీ దివాలా దారి పట్టింది. 1953 ఏప్రిల్ 12 న ఆగిపోయింది.

ఆ తేదీని మన క్యాలెండరు పక్కన పెట్టి చూడండి. 1952 డిసెంబరులో మన నెల్లూరు బిడ్డ పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో ప్రాణం విడిచారు. 1953 మార్చి 25 న నెహ్రూగారు పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నామని చెప్పారు, మద్రాసు లేకుండా. దానికి పద్దెనిమిది రోజులకి ట్రాం ఆగింది. అక్టోబరు 1 న రాష్ట్రం వచ్చింది. ఒకదానికీ ఒకదానికీ సంబంధం లేదు, నేను కలపడం లేదు. కానీ మా తాత బుర్రలో మాత్రం అవి రెండూ కలిసిపోయాయి. మద్రాసు మనదే అని వాళ్ళ మండీ ముందు అరిచిన వాళ్ళు ఒక పక్క, ఆగిపోయిన బండ్లు ఒక పక్క. మద్రాసు ఎప్పుడు పోయింది తాతా అంటే, ట్రాం పోయిన ఏడు అనేవాడు. తేదీ అడిగితే ట్రాందే చెప్పేవాడు.

ఇంకా ఒక మాట, కలకత్తా గురించి. అక్కడా ట్రాం కంపెనీ విదేశీదే, అక్కడా నష్టాలే. కానీ అక్కడి ప్రభుత్వం 1967 లో యాజమాన్యం చేతిలోకి తీసుకుంది, 1976 లో కంపెనీనే తీసేసుకుంది. అందుకే మనం మొన్న మొన్నటి దాకా కలకత్తాలో ట్రాం చూశాం. బాగా నడిపారని కాదు, నడిపారు, అంతే. 2024 లో వాళ్ళు కూడా గుర్తుగా ఒక్క చిన్న లైను ఉంచి మిగతావి ఆపేస్తామన్నారు. హైదరాబాదు సంగతి వేరే. అక్కడ ట్రాం రానే లేదు, 1932 లో నిజాం రైల్వే వాళ్ళే 27 బస్సులతో మొదలుపెట్టి నేరుగా బస్సుకి దూకారు. రైలు నడిపేవాడే బస్సూ నడిపితే గొడవే లేదు. మద్రాసులో అలా జరిగి ఉంటే? ఏమో, రాత్రంతా మాట్లాడుకోవచ్చు దీని మీద.

టైమయింది అంటున్నారు. ప్రశ్నలు ఉంటే అడగండి.

ఏమన్నారు? ఇప్పుడు మెట్రో వచ్చింది కదా, అది ట్రాం మనవడు అనుకోవచ్చా? అనుకోండి, తప్పేముంది. 2019 నుంచి చాకలిపేట దగ్గర ఎక్కితే మౌంట్ రోడ్డు కింద నుంచి పోతున్నాం. మనుషుల్ని నేల కిందకి దించారు, కరెంటుని మాత్రం కింద పెట్టలేదు. నేను మొదటిసారి పోయినప్పుడు ప్లాట్‌ఫాం చివరి దాకా నడిచి తల ఎత్తి చూశాను. సొరంగంలో కూడా పై నుంచే ఇచ్చారు. సెక్యూరిటీ అబ్బాయి వచ్చి ఏం చూస్తున్నారు సార్ అన్నాడు. తీగ అన్నాను. వాడికి అర్థం కాలేదు, గీత దాటొద్దు సార్ అని చెప్పి పోయాడు.

అమ్మా, మీరేదో అంటున్నారు... మైకు ఇవ్వండి ఆవిడకి. ఆఖరి స్టాపులో కండక్టరు తాడు పట్టుకుని ఆ పైకర్రని ఇటు నుంచి అటు తిప్పేవాడా? అవునమ్మా, బండి తిరగదు కదా, కర్రనే తిప్పి రెండో వైపు నుంచి నడుపుతారు. చీకట్లో తిప్పితే నీలం మెరుపు వచ్చేదా? వస్తుంది, తీగని వదిలేటప్పుడు వస్తుంది. మీరు అది చూశారా! ఇంతసేపూ నన్ను ఎందుకు మాట్లాడించారమ్మా, మీరే చెప్పాల్సింది కదా. రండి, ఇటొచ్చి కూర్చోండి. టీ వచ్చిందట, తాగుతూ వింటాం.